గాలిని తూచిన సారు



చంద్రయాన్-3 బయల్దేరిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. 2023 జులై 14, శుక్రవారం. మధ్యాహ్నం పీరియడ్లు ఆపి పిల్లలందరినీ డిజిటల్ క్లాస్‌రూమ్‌లో కూర్చోబెట్టాం. తెర మీద కౌంట్‌డౌన్ నడుస్తోంది. శ్రీహరికోట, సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం అని పేరు పడగానే ఏడో తరగతి బాబు ఒకడు చెయ్యెత్తాడు. ఈ సతీష్ ధావన్ మన సన్‌రైజర్స్‌కి ఆడిన శిఖర్ ధావన్‌కి ఏమవుతారని వాడి సందేహం. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఏమీ కారని చెప్పాను. మరి ఎవరని వాడు మళ్లీ అడిగాడు. ఇస్రోకి చైర్మన్‌గా చేశారన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఇంతలో రాకెట్ లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు, వాడి ప్రశ్న ఆ చప్పుడులో కొట్టుకుపోయింది.

నాకు మాత్రం అది రెండు మూడు రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది. బీఎస్సీ ఫిజిక్స్, ఆపైన బీఈడీ. ఆ పేరు కొన్ని వందల సార్లు విన్నాను, చదివాను, పిల్లలతో బిట్ పేపర్లలో రాయించాను కూడా. మనిషి మాత్రం తెలియదు. సరే తెలుసుకుందామని మొదలుపెడితే, ఆ నెల యాక్టివిటీ పీరియడ్‌లో నేను చెప్పాల్సిన పాఠమే ఆయన జీవితం మొదట్లో కనిపించింది. లిఫ్ట్, డ్రాగ్. గాలిలో పోయే వస్తువును పైకి లేపే బలం లిఫ్ట్, వెనక్కి లాగే బలం డ్రాగ్. శ్రీహరికోట ద్వారం మీద ఉన్న ఆ పేరు గల మనిషి, కుర్రతనంలో అమెరికాలో కూర్చుని గాలి ఒక చిన్న రేకు ముక్కను ఎంత బలంగా లాగుతుందో కొలిచారు. డాక్టరేట్ వచ్చింది దానికే.

ఆయన 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. పంజాబీ కుటుంబం. తండ్రి అప్పటి ఉమ్మడి పంజాబ్‌లో పెద్ద ప్రభుత్వ అధికారి. చదువు లాహోర్‌లో సాగింది. ఆ చదువు వరుస చూస్తే మీకు కాస్త వింతగా అనిపించవచ్చు. ముందు లెక్కలు, ఫిజిక్స్‌తో బీఏ. తర్వాత ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ. అది కూడా అయ్యాక 1945లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా. మన పేరెంట్స్ మీటింగుల్లో ఆరో తరగతి పాప గురించి ఇప్పుడే ఎంపీసీనా బైపీసీనా తేల్చేయాలని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ అంతే జరిగింది. ఈ వరుస చూసినప్పుడు వాళ్లు గుర్తొచ్చారు, అంతే.

ఇంజినీరింగ్ అయ్యాక కొన్నాళ్లు బెంగళూరు విమాన కర్మాగారంలో పనిచేసి, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చేశారు, అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు మారారు. ఆయన అక్కడ ఉండగానే దేశం రెండుగా చీలింది. చదువుకున్న లాహోర్ వేరే దేశమైపోయింది. తండ్రి ఆ తర్వాత విభజనలో ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకుని వచ్చినవాళ్లకు పునరావాసం కల్పించే ప్రభుత్వ పనిలో ఉన్నారు. కొడుకు కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ అనే ప్రొఫెసర్ దగ్గర గాలి ప్రవాహాల మీద పరిశోధనలో పడ్డారు.

ఇక్కడ కాసేపు ఆగి, ఆయన కొలిచిందేమిటో మన పిల్లల ప్రయోగాలతోనే చెబుతాను. ఇవన్నీ ఇంట్లో చేయదగినవే. టేబుల్ ఫ్యాన్, దారం, చార్ట్ కాగితం, జిగురు ఉంటే చాలు. ఫ్యాన్ జాలీ సరిగ్గా బిగించి ఉందో లేదో చూసుకోండి, జడలున్న పిల్లలను వెనకవైపు నిలబడనివ్వకండి.

చార్ట్ కాగితంతో మూడు బొమ్మలు చేశాం. ఒకటి పళ్లెంలా గుండ్రటి అట్ట, రెండోది బంతి, మూడోది చేప ఆకారం, అంటే ముందు గుండ్రంగా ఉండి వెనక్కి పోయేకొద్దీ సన్నబడేది. మూడింటి వెడల్పూ ఒకటే. బరువు కూడా సమానంగా ఉండేలా బంతిలో, చేపలో కొన్ని బియ్యపు గింజలు పోశాం, పళ్లెం వెనక్కి ఒక ముద్ద అంటించాం. ఒక్కోదాన్ని దారానికి వేలాడదీసి ఫ్యాన్ వేశాం. దారం ఎంత వంగితే గాలి అంత గట్టిగా తోస్తున్నట్టు లెక్క. పళ్లెం బాగా వెనక్కి పోయింది, బంతి అంతకంటే తక్కువ, చేప దాదాపు కదల్లేదు. కొలవడానికి కోణమానిని చాలు. ఎందుకిలా అంటే, పళ్లెం వెనక గాలి చెదిరి సుడులు తిరుగుతుంది, అక్కడ పీడనం తగ్గి వస్తువును వెనక్కి లాగుతుంది. చేప ఆకారం వెంబడి గాలి సాఫీగా జారిపోయి మళ్లీ కలుస్తుంది. చేపలకూ విమానాలకూ పోలిక ఎందుకుందో పిల్లలు తమంతట తామే చెప్పేశారు.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. చేప ఆకారానికి కూడా డ్రాగ్ పూర్తిగా పోదు. గాలి దాని ఒంటిని రాసుకుంటూ పోతుంది కదా, ఆ రాపిడి మిగులుతుంది. విమానం ఒంటినిండా, రెక్కలనిండా ఆ రాపిడే. దాన్ని స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. చాలా చిన్న బలం, కానీ ఇంధనంలో పెద్ద వాటా తినేసేది అదే. దీన్ని లెక్కగట్టడానికి సూత్రాలు ఉన్నాయి. గాలి వేగాలు కొలిచి ఆ రాపిడిని పరోక్షంగా అంచనా వేసే పద్ధతులూ ఉన్నాయి. ధావన్ నేరుగా ఆ బలాన్నే కొలిచారు. నున్నటి పలక మీద ఒక చిన్న ముక్కను చుట్టూ సన్నటి సందు వదిలి విడిగా అమర్చారు. పైనుంచి గాలి పోతుంటే ఆ ముక్క వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరుగుడును విద్యుత్ పరికరంతో పట్టుకుని బలం ఎంతో తేల్చారు. మామూలు వేగాల్లోనే కాదు, ధ్వనిని మించిన వేగంతో పోయే గాలిలో కూడా. 1951లో డాక్టరేట్ వచ్చింది. అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధనా సంస్థ నాకా ఆ కొలతలను నివేదికగా అచ్చువేసింది.

చదవగానే నాకు ఉత్సాహం వచ్చి, మనమూ కొలుద్దామన్నాను పిల్లలతో. చార్ట్ కాగితం ఒకటి, గరుకు ఇసుక కాగితం ఒకటి, ఒకే సైజులో కత్తిరించి, అంచు గాలికి ఎదురుగా ఉండేలా దారాలతో వేలాడదీశాం. అటూ ఇటూ మెలి తిరుగుతుంటే పైనా కిందా చీపురు పుల్లలు అంటించాం. ఫ్యాన్ వేస్తే నున్నటి కాగితమే ఎక్కువ కదిలింది. గరుకుదాన్ని గాలి తక్కువ లాగుతుందని పిల్లలు నోట్‌బుక్కుల్లో రాసేసుకున్నారు. పుస్తకంలో దానికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి నేను కొట్టేయించబోయాను. వెనక బెంచీ పాప లేచి, ఇసుక కాగితం బరువెక్కువ కదా మేడమ్, అందుకే కదల్లేదేమో అంది. నిజమే. పళ్లేనికీ బంతికీ బియ్యపు గింజలు పోసి మరీ బరువులు సరిచేసిన మనిషిని, ఇక్కడ మర్చిపోయాను.

మళ్లీ చేశాం. ఈసారి రెండూ ఇసుక కాగితాలే, ఒకే సైజు. ఒకదాన్ని గరుకు బయటికి వచ్చేలా మడిచాం, రెండోదాన్ని గరుకు లోపలికి పోయేలా. బరువు సమానం, ఆకారం సమానం, తేడా ఒంటి గరుకుతనం ఒక్కటే. ఫ్యాన్ వేశాం. కొందరు గరుకుదే ఎక్కువ కదిలిందన్నారు, కొందరు రెండూ ఒకటే అన్నారు. దారాలు ఊగుతుంటే స్కేలు పెట్టి చూసినా తేలలేదు. చివరికి మా పరికరానికి తేడా తెలియడం లేదు అని రాసుకున్నాం. ఏదో ఒక జవాబు రాయకుండా ఒక ప్రయోగం ముగించడం ఆ పిల్లలకు అదే మొదటిసారి అనుకుంటాను. నాకూ మొదటిసారే. ధావన్ కొలిచిన బలం ఎంత చిన్నదో, ఆ చిన్న ముక్కను అమర్చడానికి ఎంత ఓపిక కావాలో ఆ రోజు మా అందరికీ తెలిసింది.

డాక్టరేట్ చేతికొచ్చాక అమెరికాలోనే ఉండిపోవచ్చు. ఆయన 1951లోనే తిరిగొచ్చి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. సౌకర్యాలు అంతంతమాత్రం. అక్కడ తక్కువ ఖర్చుతో దేశంలోనే మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టారు. విండ్ టన్నెల్ అంటే గాలి సొరంగం. విమానం గాలిలో పోయే బదులు, విమానం బొమ్మను కదలకుండా నిలబెట్టి గాలినే దాని మీదుగా పంపిస్తారు. పేరు ఘనంగా ఉంది కదా అని పెద్దది ఊహించుకోకండి. బొమ్మను పెట్టే చోటు ఒక అంగుళం బై మూడు అంగుళాలు. మన సెల్‌ఫోన్ వెడల్పంత ఒకవైపు, బొటనవేలు కణుపంత ఇంకోవైపు. అంత చిన్నదైతే గాలిని అంత వేగంగా పంపడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, విద్యార్థులు చేతులు పెట్టి నేర్చుకోవచ్చు. ఆ అనుభవం తర్వాత పెద్ద టన్నెళ్లకు పనికొచ్చింది. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో 1967 నుంచి నడుస్తున్న పెద్ద టన్నెల్‌లోనే మన రాకెట్ల నమూనాలను పరీక్షించారు.

మా టన్నెల్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ షాపు వాళ్లు పారేస్తున్న అట్టపెట్టె. రెండు వైపులా తెరిచి, ఒక పక్క పారదర్శక షీటు అతికించాం. ముందు వైపు జ్యూస్ స్ట్రాలను కట్టలు కట్టి తేనెపట్టులా నింపాం. ఫ్యాన్ గాలి మెలికలు తిరుగుతూ వస్తుంది, స్ట్రాలలోంచి దూరి వస్తే తిన్నగా అవుతుంది. ఇంకో చిట్కా, ఫ్యాన్‌ను ముందు పెట్టి లోపలికి ఊదే కన్నా వెనక పెట్టి బయటికి లాగేలా పెడితే గాలి నిలకడగా ఉంటుంది. నిజమైన టన్నెళ్లు చాలావాటిలోనూ ఫ్యాన్ వెనకే ఉంటుంది.

ఆ పెట్టెలో లిఫ్ట్ కూడా కొలిచాం. దాని కథ కొంచెం నాకు సిగ్గు తెప్పించేదే, అయినా చెబుతాను. రెక్క పైభాగం ఉబ్బుగా ఉంటుంది, అందువల్ల పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలితో పాటే అవతలి అంచుకు చేరాలి కాబట్టి వేగంగా పోతుంది, అందుకే పైన పీడనం తగ్గుతుంది అని నేను మూడేళ్లు బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. నేను చదువుకున్న గైడులో అలాగే ఉండేది. అది తప్పు. పై గాలి, కింది గాలి ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు, నిజానికి పై గాలి ఇంకా ముందే చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ మళ్లింపుకు బదులుగా గాలి రెక్కను పైకి నెడుతుంది. పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ అన్నది నిజమే, కానీ దానికి రెండు గాలుల పందెం కారణం కాదు. సంక్రాంతికి మన డాబాల మీద ఎగిరే పతంగికి ఉబ్బు ఎక్కడుంది? పల్చటి కాగితం, అయినా లేస్తుంది. గాలికి ఏటవాలుగా నిలబడుతుంది కాబట్టి.

దీన్ని చూడటానికి వంటింటి డిజిటల్ త్రాసు తెప్పించాం. కాగితపు రెక్కను రెండు పుల్లల మీద నిలబెట్టి, ఆ పుల్లలను త్రాసు మీద ఒక దిమ్మెకు గుచ్చాం. త్రాసు పళ్లెం మీద నేరుగా గాలి పడకుండా ముందు చిన్న అట్ట అడ్డం పెట్టాం. ఫ్యాన్ వేయగానే అంకె తగ్గడం మొదలైంది. రెక్క ముందు అంచు కొంచెం పైకెత్తితే ఇంకా తగ్గింది. ఎంత తగ్గిందో అంత లిఫ్ట్, గ్రాముల్లో కళ్లెదుటే కనిపిస్తుంది. ఇంకా ఇంకా ఎత్తుతూ పోతే ఒక చోట తిరగబడి అంకె మళ్లీ పెరిగింది. రెక్క మీద అంటించిన దారపు పోగులు అంతదాకా బుద్ధిగా వెనక్కి పడుకుని ఉన్నవి, ఒక్కసారిగా రెపరెపలాడాయి. గాలి రెక్కను వదిలేసిందన్నమాట. విమానాల వాళ్లు దాన్నే స్టాల్ అంటారు. మన ఎల్బీనగర్‌కు దగ్గర్లోనే ఉన్న నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ గురించి తెలిసిన పిల్లలు, అక్కడ శిక్షణలో ఇది నేర్పుతారా అని అడిగారు. పైలట్ కావాలనుకునే ఎవరైనా ముందుగా నేర్చుకోవాల్సిన వాటిలో అది ఒకటి. పాఠం అయ్యాక నేను మూడేళ్లుగా తప్పు చెప్పానని ఎనిమిదో తరగతికి వెళ్లి ఒప్పుకున్నాను, వాళ్లు కిందటేడు నా దగ్గరే చదివారు కాబట్టి. తొమ్మిది, పది వాళ్లకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను.

బెంగళూరులో ధావన్ 1955లో ప్రొఫెసర్, విభాగాధిపతి అయ్యారు. 1962లో మొత్తం సంస్థకే డైరెక్టర్ అయ్యారు, అప్పటికి ఆయన వయసు 42. దాదాపు రెండు దశాబ్దాలు ఆ కుర్చీలో ఉన్నారు. విమానాలవాడు కదా అని విమానాల చుట్టూనే తిరగలేదు. పర్యావరణం, వాతావరణం, పల్లెటూళ్లకు పనికొచ్చే సాంకేతికత, ఇలాంటి కొత్త పనులకు సంస్థలో చోటిచ్చారు.

1971లో సెలవు పెట్టి మళ్లీ కాల్‌టెక్‌కు వెళ్లారు. ఆ ఏడాది డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. అంతరిక్ష కార్యక్రమాన్ని ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. కొన్ని నెలలు ఎం.జి.కె. మీనన్ చూసుకున్నారు. ప్రధాని ఇందిరాగాంధీ ధావన్‌ను రమ్మని కబురు పెట్టారు. ఆయన రెండు షరతులు పెట్టారు. కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉండాలి, తాను ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవిలో కొనసాగాలి. రెండూ ఒప్పుకున్నారు. 1972 నుంచి 1984 వరకు ఇస్రోను నడిపారు, అందులో తొమ్మిదేళ్లు రెండు ఉద్యోగాలూ చేశారు. ఇస్రో కేంద్ర కార్యాలయం ఇప్పటికీ బెంగళూరులోనే ఎందుకు ఉందని పిల్లలెవరైనా అడిగితే మీకు జవాబు దొరికింది.

ఇక్కడే ఆయన కథ మన తెలుగు నేలకు చేరుతుంది. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం, మధ్యలో దీవి. తూర్పు వైపు సముద్రం కాబట్టి రాకెట్ విడిచిన ముక్కలు నీళ్లలో పడతాయి, జనం మీద కాదు. భూమి కూడా తూర్పుకే తిరుగుతుంది కాబట్టి ఆ ఊపు రాకెట్‌కు కలిసొస్తుంది. 1971 అక్టోబర్‌లో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టగల రాకెట్ మాత్రం అప్పటికి లేదు. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను 1975 ఏప్రిల్ 19న సోవియట్ రష్యా నుంచి వాళ్ల రాకెట్‌తోనే పంపాం.

సొంత రాకెట్ పేరు ఎస్ఎల్‌వీ-3. ఎత్తు 22 మీటర్లు, అంటే మన వీధుల్లోని ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. బరువు 17 టన్నులు. ఇంత చేసి అది కక్ష్యలోకి తీసుకెళ్లగలిగింది 40 కిలోల వస్తువును, అంటే మన ఏడో తరగతి పిల్లాడి బరువు. మిగతా బరువులో ఎక్కువ భాగం ఇంధనమే. పైకి వెళ్లేటప్పుడు మొదట్లోనే గాలి చిక్కగా ఉంటుంది, వేగం పెరుగుతూ ఉంటుంది, డ్రాగ్ కూడా పెరుగుతుంది. ఆ దశ దాటాక గాలి పల్చబడి ఆ పీడ వదులుతుంది. రాకెట్ ముక్కు చేప ముక్కులా ఎందుకుంటుందో, మా దారాల ప్రయోగం చేసిన పిల్లలకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ప్రాజెక్టు డైరెక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10 ఉదయం రాకెట్‌ను వదిలారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోక ద్రవం కారిపోయింది. రాకెట్ అదుపు తప్పి, ఎగిరిన అయిదు నిమిషాలకే సముద్రంలో పడిపోయింది. ఏళ్ల తరబడి కొన్ని వందల మంది చేసిన పని. విలేఖరులు ఎదురుచూస్తున్నారు. కలాంను పక్కన కూర్చోబెట్టుకుని, ధావన్ తానే మాట్లాడారు. వైఫల్యం సంస్థదని ఒప్పుకున్నారు, తన జట్టు మీద నమ్మకం ఉందనీ, ఏడాదిలో సాధిస్తారనీ చెప్పారు. 1980 జులై 18న రెండో రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేఖరుల ముందుకు కలాంనే పంపించారు.

ఈ సంగతి కలాం గారే తర్వాత ఎన్నోసార్లు చెప్పారు కాబట్టి మీలో చాలామంది వినే ఉంటారు. నేనూ విన్నాను, మోటివేషన్ క్లాసుల్లో చెప్పాను కూడా. కిందటేడు సైన్స్ ఫెయిర్ తర్వాత మాత్రం దాన్ని చెప్పడం నాకు కష్టమైంది.

ఎనిమిదో తరగతి బాబు ఒకడు అట్టతో గ్లైడర్ చేసి, దాన్ని విసిరే రబ్బరు బ్యాండు లాంచర్ కూడా సొంతంగా తయారు చేశాడు. బజార్లో కొన్న థర్మోకోల్ మోడల్ కాదు, పూర్తిగా వాడి చేతిపని. ఫెయిర్‌కు ముందు రోజు సాయంత్రం నేను చూసి, ముక్కు దగ్గర ఇంకొంచెం మట్టి ముద్ద పెట్టు, తిన్నగా పోతుందని చెప్పాను. వాడు పెట్టాడు. మళ్లీ ఎగరేసి చూడటానికి టైం లేదు, బస్సు వెళ్లిపోతోంది. మర్నాడు ముఖ్య అతిథి ముందు విసిరితే ముక్కు కిందికి పెట్టి నేల మీద పడింది. రెండోసారీ అంతే. బరువు ముందుకు జరిగితే అలాగే అవుతుంది, నాకు తెలిసుండాల్సింది. ఎవరు గైడ్ చేశారని అతిథి అడిగారు. నేను పక్కనే ఉన్నాను. పిల్లవాడు అంతా సొంతంగానే చేశాడండీ అన్నాను, నవ్వుతూ. వాడు నా వైపు చూసి ఏమీ అనలేదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాన్నగారు వచ్చారు. కోపంగా లేరు. మావాడు ఎక్కడ పొరపాటు చేశాడు మేడమ్, ఇంటికొచ్చి అన్నం తినలేదు అని అడిగారు. అప్పుడు చెప్పాను, పొరపాటు వాడిది కాదు, నాదని. ఆ మాట చెప్పాల్సిన చోటు అది కాదు. స్టాల్ దగ్గర, అతిథి ముందు, వాడి తోటి పిల్లల ముందు చెప్పాల్సింది. సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్పాను. ఆ తర్వాత ఆ బాబూ నేనూ కలిసి మట్టిని కొంచెం కొంచెంగా తీస్తూ పన్నెండు సార్లు ఎగరేశాం, ప్రతిసారీ ఎంత దూరం పోయిందో టేపు పెట్టి కొలిచాం. తొమ్మిదోసారి కారిడార్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయింది. వాడు మూడు మెట్ల మీద కూర్చుని గ్రాఫు గీశాడు. ఈ పేరా అచ్చువేయడానికి వాడిదీ, వాళ్ల నాన్నగారిదీ అనుమతి తీసుకున్నాను.

1981లో ధావన్‌కు పద్మవిభూషణ్ వచ్చింది. 1984లో ఇస్రో బాధ్యత యు.ఆర్. రావుకు అప్పగించారు. తర్వాత మళ్లీ మొదటికే, అంటే గాలి దగ్గరికే వెళ్లారు. ఈసారి రేకు ముక్కలు కాదు, పక్షులు. పక్షి రెక్క లిఫ్ట్‌ను ఎలా పుట్టిస్తుంది, ఆడిస్తూ ముందుకు పోవడం ఎలా కుదురుతుంది, రెక్కాడించకుండా ఎలా తేలుతుంది అన్న వాటి మీద పెద్ద వ్యాసం రాశారు, అది పుస్తకంగానూ వచ్చింది. శ్రీహరికోట పక్కనున్న పులికాట్ సరస్సుకు చలికాలంలో వేలకొద్దీ ఫ్లెమింగోలు వస్తాయి. దగ్గర్లోనే నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. సూళ్లూరుపేట వైపు వెళ్లే వీలుంటే పిల్లలను తీసుకెళ్లండి. అంత దూరం కుదరకపోతే సరూర్‌నగర్ చెరువు చాలు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం గద్దలు రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తుంటాయి. వేడెక్కిన గాలి నేల నుంచి పైకి లేస్తుంది, అవి ఆ గాలి దారిలోనే తిరుగుతుంటాయి. తోక ఎటు తిప్పితే ఎటు మళ్లుతాయో గమనించమనండి.

ఆయన 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. వారి కుమార్తెల్లో ఒకరు మన హబ్సిగూడలోని సీసీఎంబీలో జీవకణాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఆ రోజు ప్రశ్న అడిగిన బాబుకు ఇది చెబితే, అయితే ధావన్‌లు మన దగ్గర కూడా ఉన్నారా అన్నాడు. మెట్రో స్తంభాల పక్కనుంచి రోజూ మనం వెళ్లే దారిలో కొంచెం దూరమే అన్నాను.

అట్టపెట్టె టన్నెల్ ఇంకా మా ల్యాబ్‌లోనే ఉంది. ఒక మూల వానకు తడిసి మెత్తబడింది. ఇసుక కాగితాల ప్రయోగం మళ్లీ చేయాలని ఆ వెనక బెంచీ పాప పట్టుబడుతోంది. దారాలకు బదులు త్రాసు వాడితే తేడా తెలుస్తుందని దాని వాదన. ఎలా అమర్చాలో నోట్‌బుక్కులో బొమ్మ కూడా వేసింది, నాకు సగమే అర్థమైంది. మీ ఇంట్లో కూలర్‌దో ఫ్రిజ్‌దో గట్టి పెట్టె ఖాళీగా ఉంటే శనివారం పాపతోనో బాబుతోనో పంపండి. ఒక గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు ఎవరి దగ్గరైనా ఉంటే రెండు రోజులు అరువివ్వండి, జాగ్రత్తగా తిరిగిచ్చే పూచీ నాది.